అత్తగారి కుడికన్ను

ఆదివారం సాయంత్రం ఏడు గంటల యాభై నిమిషాలకి పళ్ళాయన తన టెలిస్కోపుని ఆకాశంలో ఏమీ లేని చోటికి తిప్పాడు. తిప్పి, వంటింటి కిటికీ వైపు చూసి, "అత్తయ్యగారూ, ఒకసారి పెరట్లోకి రండి. మంచి గెలాక్సీ దొరికింది" అని పిలిచాడు.

అక్కడ గెలాక్సీ లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. మధ్యాహ్నం భోజనం అయ్యాక గది తలుపు వేసుకుని, నక్షత్రాల అట్లాసు ముందు పెట్టుకుని, కర్కాటక రాశి పక్కన అలాంటి చోటు కోసం చాలాసేపు వెతికాడు. ఇరవై ఏళ్ళుగా ఆ అట్లాసులో ఉన్నవాటి కోసం వెతికిన మనిషి, లేనిదాని కోసం వెతకడం అదే మొదటిసారి.

ఆయన పని పళ్ళు చేయడం. పళ్ళ డాక్టర్లు నోట్లోంచి అచ్చు తీసి ల్యాబుకి పంపిస్తే, ఆ అచ్చుని బట్టి పింగాణీతో పన్ను చేసి, పక్క పళ్ళ రంగుకి కలిపి, కాల్చి ఇస్తాడు. ఆ పనిలో తెలుపు ఒకటి కాదు, పదహారు. ఒక పట్టీకి పదహారు నమూనా పళ్ళు గుచ్చి ఉంటాయి. ఒక్కొక్కటీ పక్కన పెట్టి చూసుకుని మిగతావాళ్ళు రంగు తేలుస్తారు. పళ్ళాయన పట్టీ ముట్టుకునేవాడు కాదు. బస్సులో ఎదురు సీట్లో మనిషి ఆవలిస్తే చాలు, రంగు నంబరు చెప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో భార్య నవ్వితే "ఏ-వన్" అన్నాడట. అది పొగడ్త అనుకుని ఆవిడ మూడేళ్ళు మురిసిపోయింది. తర్వాత ల్యాబు చూడ్డానికి వెళ్ళినప్పుడు పట్టీ మీద మొదటి పన్ను పేరు అదేనని తెలిసింది.

పొద్దుపోయాక ఆ కన్నే ఆకాశం మీద పెట్టేవాడు. టెలిస్కోపు చిన్నది. ఆరంగుళాల అద్దం; చూడ్డానికి చెక్క పీట మీద ఏటవాలుగా నిలబెట్టిన నీళ్ళ గొట్టంలా ఉంటుంది. పెరట్లో బట్టలారేసే తీగ పక్కన దాని చోటు. చంద్రుడూ శనిగ్రహమూ ఆయన లెక్కలోకి రావు. "అవి అందరికీ కనిపించేవే కదా" అంటాడు. ఆయనకి కావలసినవి పొగలు. నెబ్యులాలకీ గెలాక్సీలకీ ఆయన పెట్టుకున్న పేరు అది. చిన్న టెలిస్కోపులో అవి పుస్తకాల్లోలా రంగులతో, సుడులతో ఉండవు. గాజు మీద ఎవరో ఊపిరి వదిలినట్టు మరక ఉంటుంది. నేరుగా చూస్తే మాయమవుతుంది. ఓరకంట చూస్తే తిరిగి వస్తుంది.

ఊళ్ళో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఐదుగురు. నెలకోసారి లైబ్రరీ మేడ మీద గదిలో కలుస్తారు. వాళ్ళకో పద్ధతి ఉంది. ఎవరైనా "చూశాను" అంటే నమ్మరు. ఇంకొకరు అదే గొట్టంలో చూడాలి. పొగ ఎక్కడుందో ఆ సాక్షికి ముందు చెప్పకూడదు. కనిపించే గుండ్రాన్ని గడియారం అనుకుని, పొగ ఎన్ని గంటల దగ్గర ఉందో సాక్షే చెప్పాలి. ఇద్దరి గంటలూ కలిస్తే గదిలో నల్లబోర్డు మీద ఎక్కిస్తారు: ఏ పొగ, ఊళ్ళోంచి మొదట ఎవరు చూశారు, సాక్షి ఎవరు. బోర్డు మీద ముప్పావు వంతు పొగలు పళ్ళాయనవి.

బోర్డు మీద లేనిది ఒకటుంది. సింహరాశి వెనక కాలి దగ్గర మూడు గెలాక్సీలు ఒకేచోట ఉంటాయి. మొదటి రెండూ దొరుకుతాయి. మూడోది పలచన. ఊరి దీపాల వెలుతురులో దాన్ని ఐదుగురిలో ఎవరూ పట్టుకోలేదు. పళ్ళాయన తొమ్మిదేళ్ళుగా దాని వెంట పడ్డాడు. సింహరాశి నడినెత్తికి వచ్చే నెలల్లో పక్కింటివాళ్ళని బతిమాలి వాళ్ళ వరండా దీపం ఆర్పించేవాడు.

అలాంటి ఇంటికి, కుడికంటి శుక్లం తీయించుకుని, అత్తగారు వచ్చింది. పూటపూటా కంట్లో చుక్కల మందు వేయడానికి మనిషి కావాలి కాబట్టి కూతురే పట్టుబట్టి తీసుకొచ్చింది. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఒకరి మాట ఒకరికి కలపడమే వృత్తి కావడంతో, ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోకుండా కూర్చుంటే ఆవిడకి తోచదు.

కంటి మీద కట్టు విప్పిన రోజు ఆవిడ హాల్లో నిలబడి కుడికన్ను మూసింది. తర్వాత ఎడమకన్ను మూసింది. మళ్ళీ కుడికన్ను మూసింది.

"అమ్మాయ్, మీ గోడలు తెలుపా?"

"మొదట్నుంచీ తెలుపేనమ్మా."

"నేను ఇన్నాళ్ళూ లేత పసుపనుకున్నానే. అల్లుడుగారికి రంగుల సంగతి తెలుసు కదా, ఏదో ఆలోచించే వేయించి ఉంటారనుకున్నా. ఈ కంటితో చూస్తే పాలు. ఆ కంటితో చూస్తే టీ."

అందరూ నవ్వారు. పళ్ళాయన కూడా నవ్వాడు.

మర్నాడు ఆవిడ అద్దం ముందు నోరు తెరుచుకుని నిలబడింది.

"అల్లుడుగారూ, ఈ పన్ను పోయినేడు మీరు చేసిందే కదూ?"

"అవునండీ."

"పక్కవాటితో కలవడం లేదు. పచ్చగా ఉంది. పాపం, దానికి కామెర్లేమో."

పళ్ళాయన ఆవిడని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూశాడు. ఆయనకి ఆ పన్నూ పక్క పళ్ళూ ఒకే రంగులో కనిపించాయి.

"వయసుతో పాటు పళ్ళు రంగు మారతాయండీ" అన్నాడు.

"వయసొచ్చి తెల్లబడ్డాయంటారా?" అంది ఆవిడ.

భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పళ్ళాయన ఈసారి నవ్వలేదు. ఆ నెలలోనే ఒక పన్ను డాక్టరు దగ్గర్నుంచి ల్యాబుకి తిరిగొచ్చింది, రంగు కలవలేదని. ట్యూబులైట్ల తప్పన్నాడు. ఓనరమ్మ లైట్లు మార్పించింది. తర్వాత ఇంకోటి తిరిగొచ్చింది. రంగు కొలిచే మిషను ఒకటి ఉందట, వాకబు చేస్తున్నానని ఓనరమ్మ అంది. "మిషన్లకేం తెలుసండీ" అని ఆయన అన్నాడు. ఇంటికొచ్చి, పడగ్గదిలో ఎవరూ చూడకుండా గోడ ముందు నిలబడి, ఒక కన్ను మూశాడు, ఇంకో కన్ను మూశాడు. గోడ రెండు కళ్ళకీ ఒకేలా ఉంది. దాంతో మనసు కుదుటపడింది.

మూడోదాని గొడవ బుధవారం మొదలైంది. ఆ సాయంత్రం అత్తగారు పెరట్లోకి వచ్చి, "ఏముంది దీంట్లో, నాకూ చూపించండి" అంది.

"ముందు చీకటికి కన్ను అలవాటు పడాలండీ. కదలకుండా కాసేపు కూర్చోవాలి."

"ముప్పై ఏళ్ళు చెవులకి డిప్పలు పెట్టుకుని కూర్చున్నదాన్ని. కాసేపెంత."

కూర్చుంది. తర్వాత ఆయన ఆవిడకి స్టూలు వేసి, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించి, ఓరకంట చూడమని చెప్పాడు. టెలిస్కోపు సింహరాశి వెనక కాలి మీద ఉంది.

"రెండు మరకలు కనిపిస్తాయండీ. తొందరపడకండి."

"రెండా? మూడు కదా?"

పళ్ళాయన చేతిలో, చీకటికి అలవాటైన కన్ను చెదరకుండా ఎర్రకాగితం చుట్టిన టార్చి ఉంది. అది కింద పడింది.

"రెండు బొద్దుగా ఉన్నాయి" అంది ఆవిడ. "మూడోది సన్నంగా, గీతలా ఉంది. పెద్దవాళ్ళిద్దరూ కబుర్లు చెప్పుకుంటుంటే ఎడంగా పడుకున్న పిల్లలా."

"గడియారం అనుకుంటే ఎన్ని గంటల దగ్గరండీ?"

"ఐదున్నర."

మూడోది ఉండవలసింది ఐదున్నర దగ్గరే. పళ్ళాయన ఆవిడని లేపి తను కూర్చున్నాడు. కుడికంటితో చూశాడు. ఎడమకంటితో చూశాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. గొట్టాన్ని మెల్లగా తట్టి చూశాడు. కదిలితే పొగ పట్టుబడుతుందని వాళ్ళలో ఒక నమ్మకం. ఐదున్నర దగ్గర ఏమీ లేదు.

"కనిపించిందా?" అంది ఆవిడ.

"ఆఁ" అన్నాడు. అది అవుననో, వింటున్నాననో ఆవిడకి తెలియలేదు.

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. ఇతరుల కలిమి చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాళ్ళని ఆయన ఎరుగును గానీ, తను ఆ కోవలోకి వస్తాననుకోలేదు. తోటి ఉద్యోగికి జీతం పెరిగితే పార్టీ అడిగే మనిషి. తోడల్లుడు మేడ కడితే వెళ్ళి రంగులు ఎంచి పెట్టిన మనిషి. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళ ఆవిడ కంట్లో కూతురు మందు చుక్కలు వేస్తుంటే గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏంటండీ అలా చూస్తున్నారు?" అంది భార్య.

"ఆ చుక్కలు రోజుకి ఎన్నిసార్లు?"

"ఎందుకు, మీకూ వేయమంటారా?"

శనివారం లైబ్రరీ గదికి ఈ కబురు భార్య ద్వారా ముందే చేరిపోయి ఉంది. చేర్చింది మందుల షాపాయనకి. ఆయన పళ్ళాయనకి చిన్నప్పటి స్నేహితుడు, ఐదుగురిలో ఒకడు. ఊరికి మందుల షాపాయన. పళ్ళాయనకి మాత్రం సిరప్పు. ఉత్సాహం వస్తే ఆగలేడు. సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డాడు.

"సింహరాశి మూడోది. రాసేస్తున్నా."

"సాక్షి ఏడిరా?" అన్నాడు పళ్ళాయన.

"అట్లాసే సాక్షి. మ్యాపంటే తెలియని మనిషి ఐదున్నర అని చెప్పింది. మ్యాపూ అదే చెప్తోంది. ఇంకేం కావాలి?"

"అట్లాసు మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదే ఉంటుంది. కొత్త కన్ను వచ్చిందని పగలంతా ఆవిడ ఏ కాగితం దొరికితే ఆ కాగితం చదువుతోంది. మందు సీసాల మీద అక్షరాలు కూడా వదలడం లేదు. ఆ పేజీ చూసి ఉంటుంది."

"చూసి, అబద్ధం చెప్పిందంటావా? మీ అత్తగారు?"

"అబద్ధం అనడం లేదు. పరీక్ష కావాలంటున్నాను."

మిగతా ముగ్గురూ అదీ నిజమే అన్నారు. సిరప్పు సుద్దముక్క కింద పెట్టాడు.

పళ్ళాయన లెక్క ఇది. ఆవిడకి నిజంగా కనిపిస్తే, ఆయన కంటికి ఏదో వచ్చింది. ఆవిడ ఊహించి చెప్పి ఉంటే, ఆయన కంటికి ఏమీ రాలేదు. తిరిగొచ్చిన పళ్ళు ట్యూబులైట్ల తప్పే. రెండోది రుజువు కావాలి. ఖాళీ చోటు చూపించి గెలాక్సీ అంటే, ఊహించే మనిషి అక్కడ కూడా ఒకటి చూస్తుంది.

అందుకే ఆదివారం టెలిస్కోపు అలా తిరిగింది. సాక్ష్యానికి సిరప్పుని రమ్మన్నాడు. సంగతి అతనికి చెప్పలేదు, చెబితే నవ్వేస్తాడని.

అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. వెనకే కూతురు. సిరప్పు అప్పటికే వచ్చి చీకట్లో కుర్చీలో కూర్చున్నాడు. దీపాలు ఆర్పారు. కన్ను అలవాటు పడేదాకా ఆగారు. ఆవిడ స్టూలు మీద కూర్చుని చూసింది.

"ఏమీ లేదు అల్లుడుగారూ."

"ఓరకంట చూడండి."

"చూస్తున్నా. చుక్కలున్నాయి, నాలుగో ఐదో. మరక లేదు."

"పలచన గెలాక్సీ అండీ. నిదానంగా చూస్తే వస్తుంది."

ఆవిడ నిదానంగా చూసింది. పళ్ళాయన ఆవిడ నోటి వైపు చూస్తున్నాడు.

"లేదండీ. ఉంటే ఉందని చెప్పనూ? నాకేం పోయింది."

పరీక్ష నెగ్గింది. ఆయన అలా నెగ్గుతుందని అనుకోలేదు కాబట్టి తర్వాత ఏం చేయాలో ఆలోచించి పెట్టుకోలేదు. ఈలోగా సిరప్పు లేచాడు.

"జరగండి పెద్దమ్మా, నేను చూస్తా." కన్ను పెట్టాడు. కాసేపు తల ఇటూ అటూ తిప్పాడు. "ఉందిరా! ఎందుకు లేదూ! కుడివైపు కింద. నాలుగు గంటల దగ్గర. పలచగా ఉంది గానీ, ఉంది."

పళ్ళాయన నోరు తెరిచాడు. అక్కడేమీ లేదని ఆ క్షణాన చెప్పవచ్చు. చెబితే సిరప్పు నాలుగు రోజులు నగుబాటు పాలవుతాడు, ఆయన కాస్త తిట్లు తింటాడు, అత్తగారి పేరు బోర్డెక్కుతుంది.

"నాలుగే" అన్నాడు. "నేనూ అక్కడే చూశాను."

అత్తగారు ఇద్దరి వైపూ చూసింది. "అయితే నాకే కనిపించలేదన్నమాట" అంది. "పోనీలెండి. కొత్త కన్ను, ఇంకా పని నేర్చుకోవాలి." మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి పళ్ళాయనకి నిద్ర బాగానే పట్టింది.

సోమవారం మధ్యాహ్నం సిరప్పు షాపు మూసేసి, చంకలో అట్లాసు పెట్టుకుని ల్యాబుకి వచ్చాడు. పళ్ళాయన సన్నటి బ్రష్షుతో పన్ను మీద పింగాణీ పూస్తున్నాడు.

"ఒరేయ్. నిన్న చూసినచోట ఏమీ లేదురా."

పళ్ళాయన బ్రష్షు ఆగిపోయింది.

"నీ అట్లాసులో లేదు. నా పెద్ద అట్లాసులో లేదు. కంప్యూటర్లో కూడా వెతికాను, లేదు."

"సిరప్పూ, అదీ..."

"నువ్వు ఆగు. ఇద్దరం చూశాం. ఒకే గంట దగ్గర చూశాం. మ్యాపులో లేదు. అంటే ఏంటి?"

"ఏంటి?"

సిరప్పు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "తోకచుక్కరా!"

పళ్ళాయన కక్కలేక మింగలేక కూర్చున్నాడు.

"తోక లేదు కదా" అన్నాడు చివరికి.

"ఇంకా మొలవలేదు. దూరంగా ఉన్నప్పుడు తోక ఉండదని నీకు నేను చెప్పాలా? కనిపెట్టినవాళ్ళ పేర్లే పెడతారు. ముందు నీది, తర్వాత నాది. నువ్వు ముందు చూశావుగా, నాకేం బాధ లేదు. ఇవాళ ఇంకోసారి చూసి, జాగా మారిందో లేదో తేల్చుకుని, రాత్రికే తోకచుక్కలు నమోదు చేసేవాళ్ళకి కబురు పంపేద్దాం. ఉత్తరం రాసేశాను కూడా."

"ఇవాళ చూద్దాం" అన్నాడు పళ్ళాయన.

సిరప్పు వెళ్ళాక ఆయన చాలాసేపు బ్రష్షు ముట్టుకోలేదు. తోకచుక్క లేదని ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా పేపర్లో తన పేరు, ఆ పేపరు అత్తగారు కొత్త కంటితో చదవడం, చదివి కూతురికి వినిపించడం, ఇదంతా ఆయనకి ఒకదాని తర్వాత ఒకటి కనిపించింది. ఆ మధ్యాహ్నం ఆయన చేసిన పన్ను రెండు రోజుల్లో డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చింది.

సోమవారం చీకటి పడగానే సిరప్పు పెరట్లో ఉన్నాడు. టెలిస్కోపుని అతనే ఆ చోటికి తిప్పాడు. చూశాడు. స్టూలు మీంచి సగం లేచాడు.

"కదిలిందిరా! నిన్న నాలుగు, ఇవాళ ఏడు! నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఇంకేం కావాలి?"

ఫోను తీశాడు. తెర మీద ఎర్రకాగితం అంటించి ఉంది. ఉత్తరం సిద్ధంగా ఉంది. మొదటి వరసలో పళ్ళాయన పేరు.

"పద్ధతి ప్రకారం సాక్షి ఉండాలి" అన్నాడు సిరప్పు. "చెల్లెమ్మా, పెద్దమ్మని ఓసారి రమ్మను."

అత్తగారు వచ్చింది, కూర్చుంది, చూసింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ఏమీ లేదు బాబూ."

"మీకు నిన్న కూడా కనిపించలేదు లెండి. ఏమీ అనుకోకండి. అన్ని కళ్ళూ ఒకటి కావు కదా."

"ఎందుకనుకుంటాను? నిజమేగా. ఇద్దరు అనుభవం ఉన్నవాళ్ళు ఉందంటే లేదనడానికి నేనెవర్ని." ఆవిడ పళ్ళాయన వైపు తిరిగింది. "ఆ సింహరాశి మూడోది కూడా నా భ్రమేనేమో అల్లుడుగారూ. బోర్డు మీద రాయించకండి. రేపు అబద్ధమని తేలితే మీకు మాట."

పళ్ళాయన శనివారం నుంచి వినాలనుకున్న మాట అదే. సిరప్పు బొటనవేలు ఫోను మీద ఉంది.

"పంపకురా" అన్నాడు పళ్ళాయన.

"ఏం?"

"అక్కడేమీ లేదు. అత్తయ్యగారు చెప్పిందే నిజం. నిన్నా లేదు."

"నిన్న నువ్వు చూశావుగా!"

"చూడలేదు. ఖాళీ చోటని తెలిసే తిప్పాను."

"నాలుగు గంటల దగ్గరన్నావు!"

"నువ్వు అన్నాక అన్నాను."

సిరప్పు ఫోను జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "మరి నేను చూసిందేంటి? నిన్నా, ఇవాళా?"

"నేను ఉందన్నాను. నువ్వు చూశావు. ఇవాళ కదలాలని నువ్వు అనుకున్నావు. కదిలింది."

భార్య కల్పించుకుంది. "అంటే నిన్న మా అమ్మకి పరీక్ష పెట్టారా? గెలాక్సీ ఉందని పిలిచి?"

"అవును."

"ఏమడిగిందని మిమ్మల్ని? కంట్లో చుక్కలు వేయించుకుంటూ ఓ మూల కూర్చునే మనిషి."

"నువ్వుండవే" అంది అత్తగారు. స్టూలు మీంచి లేవలేదు. "అల్లుడుగారూ, ఆ సింహరాశి ఓసారి పెట్టండి."

ఆయన టెలిస్కోపు తిప్పాడు. ఆ చోటికి ఆయన చెయ్యి దానంతటదే వెళుతుంది. ఆవిడ చూసింది.

"మూడు. ఇప్పుడు మీరు చూడండి."

ఆయన కూర్చున్నాడు. మూడోది ఎక్కడ ఉండాలో ఆయనకి తెలుసు. గంట చెబితే కాదనగలవాళ్ళు ఆ పెరట్లో లేరు.

"ఎన్ని?" అంది ఆవిడ.

"ఒకటి బాగా కనిపిస్తోంది. ఇంకోటి ఉందీ లేనట్టుంది."

"పోయినేడు?"

"పోయినేడు రెండూ బాగానే ఉండేవి."

"ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

భార్య ఆయన వైపు చూసింది.

"గురువారం నేను ఎడమకన్ను చూపించుకోడానికి వెళ్తున్నా" అంది అత్తగారు. "టాక్సీలో ఇంకొకరికి చోటుంది."

సిరప్పు టీ తాగకుండా వెళ్ళిపోయాడు. గేటు దగ్గర ఆగి, "ఓ వారం నాతో మాట్లాడకు. తలనొప్పి మాత్ర కావాలన్నా వేరే షాపు చూసుకో" అన్నాడు. మంగళవారం లైబ్రరీ తెరవగానే మేడ మీదికి వెళ్ళి బోర్డు మీద రాశాడు: సింహరాశి మూడోది, పళ్ళాయన అత్తగారు. సాక్షి పేరుండే చోట ఏమీ రాయలేదు.

గురువారం కంటి ఆస్పత్రిలో ముందు అత్తగారిని చూశారు. తర్వాత పళ్ళాయనని చూశారు. డాక్టరమ్మ ఆయన రెండు కళ్ళల్లోకీ దీపం వేసి చూసి, రెండింటిలోనూ శుక్లాలు ఒకేలా ముదిరాయని, ముందు కుడిది తీయాలని చెప్పింది.

"రంగులు తేడాగా కనిపించడం లేదా?"

"రెండు కళ్ళకీ ఒకేలా ఉన్నాయండీ."

"రెండూ ఒకేలా మసకబారితే తేడా ఎలా తెలుస్తుంది?" అంది డాక్టరమ్మ. "ఏం పని చేస్తారు మీరు?"

ఆయన చెప్పాడు.

బయట కౌంటర్లో ఆపరేషన్లకి రోజులు ఇస్తున్నారు. అత్తగారి ఎడమకంటికి వచ్చే సోమవారం ఇచ్చారు. పళ్ళాయన తన వంతు వచ్చాక, సోమవారం ఇంకో చోటు ఉంటుందా అని అడిగాడు. ఆఖరిది ఇప్పుడే ఆవిడ తీసుకున్నారని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. ఆయనకి మంగళవారం ఇచ్చారు.